ఒకే జ్ఞాపకం రెండు చోట్ల ఉండరాదు

ఉత్తరాన్ని సాహిత్య భాండాగారంలో చేర్చుకుని అంకె వేయగానే, అందులోని సంగతి దాన్ని అందుకున్నవారి తలలోంచి తొలగిపోవడంలో అన్యాయమేముంది? ఒకే వస్తువును రెండు చోట్ల నిల్వ ఉంచడం నిబంధనలకు విరుద్ధం. ఈ సంగతి కీర్తిశేషుడైన కవి గుడిమెళ్ళ వేదాద్రి భార్య తాయారమ్మకూ తెలుసు. భర్త రాసిన ఉత్తరాలు ఇస్తానన్న సమ్మతిపత్రం మీద సంతకం చేసింది ఆవిడే.

మొదట ప్రేమలేఖలు వెళ్ళాయి. వాటితోపాటు బందరులో కొత్త కాపురం పెట్టిన రోజులు ఆవిడ తలలోంచి వెళ్ళిపోయాయి. పరిశోధకులు ఆవిడ నవ్వు మీద సిద్ధాంత గ్రంథాలు రాశారు. కవిగారి జయంతి సభలో ఆవిడకు శాలువా కప్పి ఒక ఉత్తరం చదివి వినిపిస్తే, "ఎవరో గానీ పెట్టిపుట్టింది," అని పక్కావిడతో అన్నది. పులుసులో ఉప్పెక్కువైందనీ, పుట్టింటివాళ్ళకు మర్యాద తెలియదనీ రాసిన ఉత్తరాలను మాత్రం కవిగారి స్థాయికి తగవని భాండాగారం తిప్పి పంపింది. ఆ విధంగా జాతికి ప్రేమమూర్తి దక్కాడు. ఆవిడకు ఉప్పు మిగిలింది.

ఒక మధ్యాహ్నం భాండాగారం సంరక్షణాధికారి ధనుంజయరావు ఆఖరి ఉత్తరం కోసం వచ్చాడు. మూడేళ్ళ కూతురిని వైద్యానికి మద్రాసు తీసుకువెళ్ళిన వేదాద్రి, బిడ్డ దక్కలేదని అక్కడినుంచి రాసిన ఉత్తరమది. చావు కబురు తెచ్చిన కాగితాన్ని చదవగానే చింపెయ్యాలి, ఇంట్లో ఉంచకూడదు. తాయారమ్మ ఆచారం తప్పింది. చివర ఆయన, "నువ్వు అన్నం మానకు," అని రాశాడు. భర్త తన ఆకలి తలచుకున్నాడనడానికి ఆవిడ దగ్గర మిగిలిన రుజువు అదొక్కటే.

"ఇచ్చేయండమ్మా. దుఃఖం కూడా పోతుంది. చాలామంది అందుకే ఇస్తున్నారు," అన్నాడు ధనుంజయరావు, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగుతూ.

"పిల్ల పోదూ?"

"పోతుందండి. మా దగ్గర భద్రంగా ఉంటుంది. చెద పట్టదు."

"అక్కడ ఏడిస్తే ఎత్తుకునేదెవరయ్యా?"

"పదింటి నుంచి అయిదింటిదాకా సిబ్బంది ఉంటారండి."

ఆవిడ కాసేపు ఉత్తరాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తరువాత దాన్ని నిలువుగా, అడ్డంగా చింపి, ముక్కలను నీళ్ళ బకెట్టులో వేసింది. సిరా విడిపోయింది.

ధనుంజయరావు నొచ్చుకోలేదు. ఆధారం లేనిది కవిగారి జీవితచరిత్రలో ఉండరాదు. అచ్చుకు వెళ్ళవలసిన ప్రతిని సంచిలోంచి తీసి, 'ఒక కుమార్తె' అన్న మాటలు తొలగించాలని నిశ్చయించాడు. జేబులు తడుముకుని, కలం ఉందా అని అడిగాడు.

తాయారమ్మ లేచి తెచ్చి ఇచ్చింది. ఆయన అక్కడికక్కడే ఆ మాటలు కొట్టేశాడు.