డాష్‌బోర్డు మీద టోపీ

నార్బర్ట్ పావ్లాక్ కారుకి అన్నీ ఉన్నాయి, ఇంజను తప్ప. పెళ్ళికొడుకు ఒక్కడు తప్ప అన్నీ కుదిరిన పెళ్ళిలాగా అది పదకొండేళ్ళుగా గ్యారేజీలో కూర్చుని ఉంది. అరవై ఎనిమిది నాటి కమారో, రెండు తలుపుల స్పోర్టు కారు. రంగు వేశాడు, సీట్లు కుట్టించాడు, చక్రాలు ముఖం చూసుకునేలా తుడిచాడు. ముందు మూత ఎత్తితే మాత్రం కింద నేల కనిపించేది.

డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ రోడ్డు మీద ఏటా ఆగస్టులో పాత కార్లన్నీ ఊరేగుతాయి. నార్బర్ట్, అతని భార్య లొరెట్టా పొద్దున్నే వెళ్ళి, పెట్రోలు బంకు పక్కన మడత కుర్చీలు వేసుకుని, ఊళ్ళోవాళ్ళ కార్లన్నీ చూసి వచ్చేవారు. "వచ్చే ఏడు మనమూ ఆ వరసలో ఉంటాం" అనేవాడు నార్బర్ట్. ఆ మాట కుర్చీలకన్నా పాతబడింది. కుర్చీలకైనా రెండుసార్లు పట్టీలు మార్చారు.

చిక్కంతా ఏ ఇంజను పెట్టాలన్న దగ్గరే. చలికాలమంతా ఎంచేవాడు. మంచు కరిగేసరికి ఎంపిక కూడా కరిగిపోయేది. గ్యారేజీ గోడ మీద సుద్దముక్కతో మూడు రాసి పెట్టాడు: పెద్దది, మరీ పెద్దది, కంప్యూటరుతో నడిచే కొత్తది. మూడూ ఎనిమిది సిలిండర్లవే. స్నేహితుడు గస్ వచ్చినప్పుడల్లా ఒకటి కొట్టేసేవాడు. గస్ గేటు దాటగానే నార్బర్ట్ దాన్ని మళ్ళీ రాసేవాడు.

అసలు కారణం అతను ఎవరికీ చెప్పలేదు. లొరెట్టాకి చెప్పనక్కర్లేదు. ఇరవై రెండేళ్ళప్పుడు అతనికి ఇలాంటి కారే ఉండేది. అది లొరెట్టా పుట్టింటి వీధి మొదట్లో ఉండగానే వాళ్ళ వంటింట్లో పళ్ళేలు గలగలమనేవి. ఆమె కోటు తగిలించుకుని మెట్ల మీదికి వచ్చేది. కవలలు పుట్టాక నాలుగు తలుపుల బండి కావలసి వచ్చి దాన్ని అమ్మేశారు. కొన్నవాడు మలుపు తిరిగి వెళ్ళిపోయాక కూడా నార్బర్ట్ వాకిట్లో తల ఒక పక్కకి వంచి చాలాసేపు నిలబడ్డాడు. ఏ ఇంజనూ పెట్టనంత కాలం ఆ చప్పుడు అతని చెవిలో భద్రంగా ఉంటుంది. పెట్టాక రాకపోతే?

ఈ ఏడు అతని చూపు "మరీ పెద్దది" మీద నిలిచింది. దాని ఖర్చూ పేరుకు తగ్గట్టే ఉంది. అందుకని భోజనాల దగ్గర, గస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, శాస్త్రం ఎత్తుకున్నాడు.

"కారు ఏ ఇంజనుతో పుట్టిందో అదే పెట్టాలి లొరెట్టా. వేరేది పెడితే మహాపాపం."

"ఈ కారు మరీ పెద్దదానితోనే పుట్టిందా?"

"సుమారుగా."

"ఎవరూ సుమారుగా పుట్టరు నార్బర్ట్. ఇద్దర్ని కన్నదాన్ని చెబుతున్నాను."

"నీకు ఇంజన్ల సంగతి ఏం తెలుసు?"

"నీకు తెలుసుగా. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీలో ఎడమ తలుపులు బిగించావు."

గస్ నోట్లో ఉన్నది మింగలేక నీళ్ళు తాగాడు.

"సరే, పుట్టినప్పటిదే పెడతావా?" అంది లొరెట్టా.

"మా అమ్మ మీద ఒట్టు."

"గోడ మీద రాయి."

రాశాడు. అంత తేలిగ్గా గెలిచినందుకు ఆ రాత్రి కాస్త అనుమానపడ్డాడు కూడా, కాని నిద్ర ముందు వచ్చింది.

అవి ఈస్టరుకి ముందొచ్చే తపస్సు కాలపు రోజులు. శుక్రవారాలు మాంసం ముట్టరు గనక చర్చిలో చేపల భోజనం అమ్ముతారు. గురువారం ఆడవాళ్ళంతా చర్చి నేలమాళిగలో చేరి బంగాళాదుంప కూరిన పీరోగీలకు కజ్జికాయల్లా అంచులు నొక్కుతారు. ఆ బల్ల దగ్గర లొరెట్టా ఇంజను మాట ఎత్తింది. చుట్టూ ఉన్న నలుగురు వితంతువుల ఇళ్ళలో ఐదు ఇంజన్లు తేలాయి.

"మా ఆయన తన కమారోలో పెద్దది పెడదామని ఆరు సిలిండర్లది పీకేశాడు" అంది బెర్నీస్, అందరిలోకీ పెద్దావిడ. "ఏది పెట్టాలా అని తొమ్మిదేళ్ళు ఆలోచించాడు. ఆలోచన పూర్తయ్యేలోపు ఆయనే పూర్తయ్యాడు. ఇప్పుడు దానిమీద టొమాటో నారు పెంచుతున్నాను."

అందరూ నవ్వారు. లొరెట్టా కూడా నవ్వింది. తర్వాత చేతిలో ఉన్న ఒక్క పీరోగీ అంచునే నొక్కుతూ ఉండిపోయింది.

"ఏ కారు దేనితో పుట్టిందో ఎలా తెలుస్తుందండీ?" అని అడిగింది.

"ముందు అద్దం కింద, ఎడమ మూల రేకు మీద నంబరు ఉంటుందమ్మా. మూడో అంకె నాలుగైతే ఎనిమిది సిలిండర్లు, మూడైతే ఆరు. మా ఆయన నిద్రలో కూడా ఇదే పలవరించేవాడు."

ఎడమ మూల. అక్కడ పదకొండేళ్ళుగా నార్బర్ట్ ఫ్యాక్టరీ టోపీ ఉంది. దుమ్ము దులపబోతే, అది అదృష్టం, కదపొద్దనేవాడు.

ఇంటికి వెళ్ళి టోపీ ఎత్తింది. రేకు మీది అంకెలు చదివింది: ఒకటి, రెండు, మూడు.

ఆ రేకు వంక కాసేపు చూసి, దుమ్ములో టోపీ అచ్చు ఎక్కడుందో సరిగ్గా అక్కడే మళ్ళీ పెట్టింది.

బెర్నీస్ టొమాటో నారు కిటికీలోకి మారింది. ఇంజను గస్ ఇంటికి చేరింది. వారానికి నాలుగు డజన్ల పీరోగీల కూలికి గస్ దాన్ని విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. గస్ ఎందుకు రావడం లేదో తెలియక, తనమీద అలిగాడేమోనని నార్బర్ట్ దిగులుపడ్డాడు.

జూన్‌లో ఒక ఉదయం గస్ ట్రక్కు వాకిట్లో ఆగింది.

"ఏమిటిది?" అన్నాడు నార్బర్ట్.

"పుట్టినప్పటిది" అంది లొరెట్టా.

"దీనికి ఆరే ఉన్నాయి."

"టోపీ తియ్యి నార్బర్ట్."

అతను తియ్యలేదు. గోడ మీద తన చేతిరాతను చూశాడు, గస్‌ని చూశాడు, గస్ ఆకాశాన్ని చూశాడు.

"ఎలా కనిపెట్టావు?"

"నువ్వు దాచాలనుకున్నదాని మీదల్లా టోపీ పెడతావు. నీ బట్టతల మీద కూడా అంతేగా."

నార్బర్ట్ ఇంజను పక్కన నేలమీదే చతికిలబడ్డాడు. గస్‌కి వినపడకుండా అన్నాడు, "దీనికి ఆ చప్పుడు రాదు లొరెట్టా."

"నేను చప్పుడు కోసం మెట్ల మీదికి వచ్చేదాన్ననుకున్నావా?" అంది ఆమె. "అది ఎప్పుడు ఆగుతుందా, నువ్వు ఎప్పుడు దిగుతావా అని వచ్చేదాన్ని."

ఆగస్టులో వరసలో చేరారు. ఎండ మాడుతోంది. బళ్ళు నత్తల్లా పాకుతున్నాయి. మరీ పెద్ద ఇంజన్లవాళ్ళు చాలామంది రోడ్డు పక్కన మూతలెత్తి, పొంగిన పాల ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. వీళ్ళది మాత్రం కుట్టుమిషన్‌లా సాగుతోంది.

పెట్రోలు బంకు దగ్గర మడత కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయన కేకేశాడు, "లోపల ఎన్ని సిలిండర్లు?"

నార్బర్ట్ చెయ్యి టోపీ కోసం డాష్‌బోర్డు మీదికి వెళ్ళింది. టోపీ లొరెట్టా తల మీద ఉంది.

"ఆరు" అని గొణిగాడు.

"వినపడలేదు."

"ఆరండీ, ఆరు" అని అరిచాడు, వుడ్‌వర్డ్ అంతా వినేలా.

ముసలాయన తల ఒక పక్కకి వంచి, ఆ చిన్న చప్పుడు దాటిపోయేదాకా విన్నాడు. ఎందుకో చెయ్యెత్తి దణ్ణం లాంటిదొకటి పెట్టాడు.

రెండు ట్రాఫిక్ దీపాలు దాటారు. నార్బర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఏడు మాత్రం..."

"వచ్చే ఏడు?" అంది లొరెట్టా.

నార్బర్ట్ అద్దంలోంచి వెనక్కి, ఏటా తామిద్దరూ కూర్చునే చోటు వంక చూశాడు.

"కుర్చీలకి పట్టీలు మార్చక్కర్లేదు" అన్నాడు.