బాత్రూం గడియ

ఆ ఉదయం బండోడి పథకం చాలా చిన్నది. బాత్రూంలో దూరి గడియ పెట్టుకోవడం, వేడినీళ్ల షవర్ తిప్పి ఆ ఆవిరికి చెమటలు కక్కడం, తూకానికి పోవడం. అరకిలో తగ్గితే మధ్యాహ్నం పొడుగాయనతో కుస్తీ. పోయిన పోటీల్లో తనను వెల్లకిలా పడేసిన ఆ మనిషిని ఒక్కసారి పడగొట్టాలని నాలుగేళ్లుగా కడుపు మాడ్చుకుంటున్నాడు.

క్రీడాకారులకు బస చూసినవాళ్లకైనా బుద్ధి ఉండాలి కదా! ఆ ఇద్దరినీ ఏడో అంతస్తులో ఒకే ఫ్లాటులో పెట్టారు. గదులు రెండు, బాత్రూం ఒక్కటి.

తలుపు సందుల్లోంచి ఆవిరి హాల్లోకి పాకింది. పైకప్పుకున్న, పొగను పసిగట్టే యంత్రానికి ఆవిరేదో పొగేదో ఏం తెలుసు? గొంతు చించుకుంది. భవనమంతా మెట్ల మీద పడింది. షవర్ హోరులో బండోడికి మాత్రం తలుపు మీద దబదబలే వినిపించాయి.

"తమ్ముడూ, తొందరగా బయటికి రా!" పొడుగాయన గొంతు.

"వేషాలెయ్యకన్నా! నువ్వూ బరువు తగ్గాలని నాకు తెలీదా? నా పని అయ్యాకే నీకు!"

"ఒరే, నా మాట వినరా!"

"పోన్నా, పో!"

దబదబలు ఆగాయి. కాసేపటికి లైటు ఆరిపోయింది, నీళ్లు చల్లబడ్డాయి. ఓర్వలేక కరెంటు పీకేశాడనుకుని బండోడు తువ్వాలు చుట్టుకుని, పళ్లు నూరుతూ మెట్లు దిగాడు. కింద జనమంతా గుడ్లప్పగించి చూస్తుంటే తువ్వాలు మహిమ అనుకున్నాడు. అలాగే తూకానికి పోయాడు, సరిగ్గా సరిపోయింది. పనిలో పనిగా, కరెంటు పీకేశాడని తూకం అధికారికి పితూరీ కూడా చెప్పాడు. "వాణ్ణి రానీండి సార్, మీరే అడగండి!"

వాడు రాలేదు. తూకం గడువు ముగిసింది. అప్పుడొచ్చారు బండోడికి కుస్తీ నేర్పే గురువుగారు, ఆయాసపడుతూ.

"ఒరేయ్, ఆయన లిఫ్టులో ఇరుక్కున్నాడ్రా. నువ్వు లోపలే ఉండిపోయావని గడియ పగలగొట్టే మనుషుల కోసం దిగుతున్నాడట. మెట్ల నిండా జనం, లిఫ్టెక్కాడు. నిప్పంటుకుందనుకుని భవనానికి కరెంటు తీసేశారు."

"అయ్యో, నేనే పొమ్మన్నాను గురువుగారూ!"

"పోయాడు మరి."

మధ్యాహ్నం ఎదురుగా ఎవరూ లేకుండానే బండోడి చెయ్యెత్తి గెలిచాడన్నారు. ఓడిన రోజున కూడా అతను అంత తలదించుకోలేదు.

సాయంత్రం పొడుగాయన మంచం మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. "లిఫ్టులో పట్టిన చెమటకి తూకం సరిపోయింది తమ్ముడూ. వేళే దాటిపోయింది."

"తప్పంతా నాదేనన్నా. వచ్చేసారి నన్ను మళ్లీ వెల్లకిలా పడెయ్యి, నోరెత్తను."

"ఇంకో నాలుగేళ్లా? ఈ మోకాళ్లతోనా? ఇవే నా ఆఖరి పోటీలురా," అంటూ పొడుగాయన సగం రొట్టె తుంచి ఇచ్చాడు. బండోడు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

బాత్రూం మాత్రం సాయంత్రమంతా ఖాళీగానే ఉంది.