ఒకే గోడకు మూడు డబ్బాలు

ఆ ఆదివారం పొద్దున కొట్టు తెరిచేసరికి నా చేతిలో ఉన్నవి ఇవి: నాలుగు వరుసల రంగు డబ్బాలు, కాళ్ళు సమానంగా లేని నిచ్చెన ఒకటి, మేధావి ఒకడు. మొదటి రెండూ నేను కొనుక్కున్నవి. మూడోది పెళ్ళితో వచ్చింది.

మేధావి అంటే మా ఆవిడ తమ్ముడు. ఊరందరూ వాణ్ణి భూతద్దం అని పిలుస్తారు. తెల్లరంగు డబ్బాలో స్టెయినర్ అనే చిక్కటి రంగు చుక్కలు లెక్కపెట్టి వేసి, కొనేవాళ్ళు అడిగిన రంగు రప్పించడం నేను వాడికి అప్పజెప్పిన పని. ఆ పని చేస్తూ ఫోన్లో నేరాల సీరియల్ చూడటం వాడు వాడికి అప్పజెప్పుకున్న పని.

"బావా," అన్నాడు స్టూలెక్కి, "ఇవాళ్టినుంచి నేరస్థులు వేరే ఊరు చూసుకోవాలి. నా మెదడు సంపూర్ణంగా సిద్ధమైంది."

"దిగు. ఆ స్టూలు సిద్ధంగా లేదు."

"నిన్నటి ఎపిసోడ్ చూశావుగా?"

చూశాను. మా ఇంట్లో అది చూడకుండా ఉండాలంటే వెళ్ళి వీధిలో కూర్చోవాలి. ఒక పెద్దమనిషి భార్యని చంపి గోడలో పెట్టి పూడ్చేస్తాడు. మరక పైకి తేలుతుంటే రంగు మీద రంగు వేస్తుంటాడు. చివర్లో ఆఫీసరు నల్లకళ్ళద్దాలు తీసి, "ఒకే గోడకి మూడుసార్లు రంగు వేసేవాడు రంగు వెయ్యడం లేదు. దాస్తున్నాడు" అంటాడు. మా ఆవిడ దిండు మొహానికి అడ్డం పెట్టుకుంది. భూతద్దం మాత్రం మొదటి పది నిమిషాల్లోనే హంతకుడు వంటవాడని తేల్చేశాడు. ఆ ఎపిసోడ్‌లో వంటవాడే లేడు.

"నేను చెప్పింది తప్పు కాదు బావా. వాళ్ళు వంటవాణ్ణి పెట్టకపోవడం తప్పు," అని వాడు నాకు వివరిస్తుండగా కాంపౌండరు గారు వచ్చారు.

ముప్ఫై ఏళ్ళు డాక్టరు పక్కన నిలబడి మందులు కలిపి, ఈ మధ్యే పని మానేసిన మనిషి. గొంతెత్తి మాట్లాడటం ఎరగరు. చొక్కా మీద, చెవి మీద, కళ్ళజోడు మీద రంగు చుక్కలున్నాయి.

"ఇంకో డబ్బా కావాలి," అన్నారు. "ఆ గోడకే."

భూతద్దం స్టూలు మీదే బిగుసుకుపోయాడు. వారంలో ఇది మూడో డబ్బా.

"ఏ రంగు చెప్పారండీ?" అన్నాను.

"దగ్గుమందులో సగానికి సగం నీళ్ళు కలిపితే వస్తుంది చూడండి, ఆ రంగు. మా గోడ పాత రంగు అదే. మా ఆవిడ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, బాగుంటుంది కదా అని నీలం వేశాను. తిరిగొచ్చి చూసింది. పెట్టె కిందైనా పెట్టకుండా వెనక్కి వెళ్ళిపోయింది." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. దాంతో చుక్క గీత అయింది. "ఇవాళ నాలుగింటికి వచ్చి మిగతా బట్టలు తీసుకెళ్ళిపోతుందట. ఈలోగా గోడని ముందు ఎలా ఉండేదో అలా చేసి చూపిస్తే ఆగుతుందేమోనని ఆశ. కానీ మీ రెండో డబ్బా ఒక రంగు వచ్చింది, మూడోది ఇంకో రంగు వస్తుందేమోనని భయం."

"పాత రంగు పెచ్చు ఏదైనా ఉంటే తెండి. చూసి కలుపుతాను."

"ఎక్కడా మిగల్లేదండీ. గోడంతా నేనే వేశాను."

"అయితే నేనే వచ్చి చూస్తాను పదండి," అన్నాను.

ఆయన ముందు నడిచారు. భూతద్దం నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"విన్నావా బావా? భార్య కనపడటం లేదు. మూడు డబ్బాలు. పైగా మందులు తెలిసిన చెయ్యి."

"నాలుగింటికి వస్తోందని చెప్పారు కదరా."

"నిన్న వాడూ అదే చెప్పాడు. వస్తోంది, వస్తోంది అని చివరిదాకా చెప్పాడు. వచ్చిందా?"

"అది సీరియల్."

"నేరస్థులు చూడరా సీరియళ్ళు?"

వాణ్ణి కొట్లో వదిలితే పోలీసుస్టేషన్‌కి పోతాడు. వెంట తెచ్చుకుంటే నా కళ్ళముందు ఉంటాడు. రెండో నష్టం చిన్నదనిపించి తెచ్చుకున్నాను.

కాంపౌండరు గారి పడకగదిలో ఒక మంచం, ఇనప బీరువా, గోడ. గోడ పైసగం ఆకాశంలా ఉంది. కిందిసగం బురదలా ఉంది. ఆ బురద మా డబ్బాలోంచి వచ్చిందే. మూత మీద భూతద్దం చేతిరాత: పసుపు పన్నెండు, నలుపు మూడు. గోడ చూస్తే నలుపు ముప్ఫైకి తక్కువ లేదు. ఆ డబ్బా గురువారం కలిపాడు. గురువారం ఫోన్లో కార్లు ఒకదాన్నొకటి తరుముకున్న ఎపిసోడ్ వచ్చింది. చుక్కలు ఎన్ని పడ్డాయో ఆ కార్లకే తెలియాలి.

అంటే గోడ మీది అసలు ముద్దాయి నా పక్కనే నిలబడి గోడ వాసన చూస్తున్నాడు. ఈ సంగతి బయటపెట్టడానికి అది వేళ కాదు.

"మూడో డబ్బా మీకు ఊరికే ఇస్తానండీ," అన్నాను.

"ఎంత మంచివారండీ," అన్నారు కాంపౌండరు గారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

భూతద్దం వేలి కణుపుతో గోడంతా తడుతూ బీరువా దాకా వెళ్ళాడు. బీరువాని తట్టాడు. డొల్లగా మోగింది.

"ఇక్కడ డొల్ల," అన్నాడు బొంగురుగొంతుతో.

"బీరువా కదండీ, డొల్లగానే ఉంటుంది," అన్నారు కాంపౌండరు గారు.

"దీని వెనక ఏముంది?"

"ఏమీ లేదండీ. గోడే."

"ఎప్పుడు జరిపారు చివరిసారి?"

"ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్ళు. అప్పుడు పెట్టిందే."

"నిజం ఎంత బరువైనా సరే, జరగక తప్పదు," అని భూతద్దం వీపు ఆనించి తోశాడు. బీరువా కదల్లేదు. రెండోసారి తోశాడు. మూడోసారి బీరువా కిర్రుమని మూరెడు జరిగింది. అంతలోనే వాడి నడుములో కూడా అలాంటి చప్పుడే అయింది. జారుకుంటూ జారుకుంటూ నేల మీద వెల్లకిలా పడ్డాడు.

"ఒరేయ్, ఏమైందిరా?"

"శవం ఉందా బావా? నాకు మెడ తిరగడం లేదు."

శవం లేదు. బీరువా జరిగిన మేర గోడమీద నిలువునా ఒక పట్టీ కనపడుతోంది. దుమ్ము దులిపాను. దగ్గుమందులో సగానికి సగం నీళ్ళు.

కాంపౌండరు గారు రెండు చేతులూ ఆ పట్టీమీద పెట్టి నిలబడ్డారు. "ఇదే. ఇదేనండీ. బీరువా దగ్గరికొచ్చేసరికి గోడ అయిపోయిందనుకున్నాను."

"చెప్పానా, వెనక ఏదో దాచారని," అన్నాడు భూతద్దం నేలమీంచి.

గోరంత పెచ్చు గీరుకుని కొట్టుకు పరుగెత్తాను. చుక్కలు నేనే లెక్కపెట్టాను. తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. ఆయనొక బ్రష్, నేనొక బ్రష్. నేల మీది మనిషిని దాటుకుంటూ వేశాం. లేపబోతే వాడు కేకలు పెట్టాడు గనక, మీదొక గుడ్డ కప్పి వదిలేశాం.

మూడున్నరకి గోడ చూసి కాంపౌండరు గారు నీరుగారిపోయారు. "ఇదీ కాదండీ. బాగా లేతగా ఉంది."

"తడి రంగు అలాగే ఉంటుంది. ఆరనివ్వండి, దిగి ముదురుతుంది."

"ఎంతసేపు?"

"గంట."

"ఆమె అరగంటలో వస్తుంది."

మంచం మీద కూర్చుని ఇద్దరం గోడని చూస్తూ ఉండిపోయాం. ఒక మూల కొద్దిగా దిగింది. ఇంకో మూల దిగలేదు. ఆయన విసనకర్ర తెచ్చి గోడకి విసరడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు తలుపు చప్పుడైంది.

ఆవిడ ఖాళీ పెట్టె చేత్తో పట్టుకునే గదిలోకి వచ్చింది. మచ్చలు మచ్చలుగా ఆరుతున్న గోడని చూసింది. గోడకి విసురుతున్న మొగుణ్ణి చూసింది. గుడ్డ కప్పుకుని పడున్న మనిషిని చూసింది.

"ఎవరితను?"

"మీ హత్య పరిశోధిస్తున్నాడమ్మా," అన్నాను.

"నన్నెవరు చంపారు?"

భూతద్దం చూపుడువేలు పైకి లేచి కాంపౌండరు గారివైపు తిరిగింది.

"ఈయనా?" అంది ఆవిడ. "గోడకి మేకు కొట్టమంటే నాలుగు నెలలు పట్టింది."

కాంపౌండరు గారు విసనకర్ర దించి, "పాత రంగే వేశాను. ఆరితే సరిగ్గా అదే," అన్నారు.

ఆవిడ దగ్గరికి వెళ్ళి చూసింది. "అవును. అదే."

"అయితే..."

"ఈ రంగు నాకు మొదట్నుంచీ గిట్టదు."

ఆయన విసనకర్ర మంచం మీద పడేశారు. "మరి నీలం వేస్తే ఎందుకు వెళ్ళిపోయావు?"

"నీలం బాగానే ఉంది. పద్దెనిమిదేళ్ళు ఈ గదిలో ఉన్నదాన్ని. వేసేముందు నన్నొక్క మాట అడిగారా? ఇప్పుడు చెరిపేముందైనా అడిగారా?"

ఆవిడ బీరువా దగ్గరికి వెళ్ళి తలుపు తీసింది. పెట్టె మూత తెరిచింది. ఒక బట్ట మడతపెట్టింది, ఇంకోటి మడతపెట్టింది. కాంపౌండరు గారు చూస్తూ నిలబడ్డారు. మందు పోస్తూ గీత దగ్గర చెయ్యి ఆపే మనిషిలా ఉన్నారు. నేను మోచేత్తో పొడిచాను.

"ఏ రంగు కావాలి నీకు?" అన్నారాయన చివరికి, చిన్నగా.

మూడో బట్ట ఆవిడ చేతిలోనే ఆగింది. ఆయన్ని చూడకుండా నావైపు తిరిగింది. "కార్డుందా?"

రంగుల కార్డు లేకుండా నేను పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళను. జేబులోంచి తీసిచ్చాను. ఆవిడ పెట్టె మూసి, దానిమీద కూర్చుని, కార్డు విప్పింది. "ఇలా రండి," అంది ఆయనతో. "మీకు ఇది నచ్చుతుందా, ఇదా?"

లెక్క ఇలా తేలింది. కాంపౌండరు గారికి భార్య దక్కింది. ఆవిడకి పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఒక ప్రశ్న దక్కింది. నాకు ఒక్క గోడకి బదులు నాలుగు గోడల బేరం దక్కింది. భూతద్దానికి తను ఛేదించిన మొదటి కేసు దక్కింది. దాంతోపాటు డాక్టరు చెప్పిన మూడు వారాల మంచం కూడా. ఆ మూడు వారాలూ వాడు పడుకుని సీరియల్ చూశాడు. ఆ మూడు వారాలూ మా కొట్లోంచి వెళ్ళిన ప్రతి డబ్బా మూతమీద రాసిన రంగే వచ్చింది.