కదలకుండా కూర్చోబెట్టే బల్ల

చదువు బుర్రలోకి పైనుంచి దిగుతుందని మీరంతా అనుకుంటారు. తప్పు. చదువు కిందినుంచి ఎక్కుతుంది. కూర్చున్న చోటు ఎంత గట్టిగా ఉంటే అంత తొందరగా ఎక్కుతుంది.

ఊరికే అనడం లేదు. స్కూళ్లకు బల్లలు అమ్ముకుని బతుకుతున్నవాణ్ని. బజారులో అందరూ నన్ను బల్లల బాబాయ్ అంటారు. చదువు గురించి నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? టీచర్లు మారతారు, పుస్తకాలు మారతాయి. వారంటీతో వచ్చేది బల్ల ఒక్కటే.

ఈ మధ్య నేనే దగ్గరుండి ఒక మోడల్ చేయించాను. సీటూ డెస్కూ ఒకే ఇనుప ఫ్రేముకు బిగించి ఉంటాయి. వాటి మధ్య సందులోకి పిల్లాడు ఒకసారి దూరాడా, బెల్లు కొట్టేదాకా లేవాలన్న ఆలోచనే రాదు. దానికి 'ఏకాగ్రత' అని పేరు పెట్టాను. గోడౌన్ నిండా చేయించాను కూడా.

ఇంత మంచి సరుకుకు అడ్డుపడింది ఎవరనుకున్నారు? మా అమ్మాయి స్కూల్లో కొత్తగా చేరిన టీచరమ్మ. ఆవిడ మా అమ్మాయి చదివే మూడో తరగతి బల్లలన్నీ వరండాలో పెట్టించి, నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసింది. ఎక్కాలు గెంతుతూ చెప్పాలట. వ్యతిరేక పదాలు బంతి విసురుకుంటూ చెప్పాలట. భూమి సూర్యుడి చుట్టూ ఎలా తిరుగుతుందో పిల్లలే తిరిగి తెలుసుకోవాలట. సూర్యుడి వేషం వేసినవాడు మాత్రం మధ్యలో కదలకుండా నిలబడ్డాడు. ఆ క్లాసు మొత్తంలో నాకు నచ్చిన విద్యార్థి వాడొక్కడే.

ఇంట్లో జరిగిన నష్టం వినండి. మా అమ్మాయిని 'ఏకాగ్రత'లో కూర్చోబెట్టి, "ఏడు నాలుగులెంతే?" అంటే బెల్లం కొట్టిన రాయిలా చూస్తుంది. లేపితే నాలుగు గెంతులు గెంతి, ఇరవై ఎనిమిది అంటుంది. రేపు బ్యాంకులో ఉద్యోగం వస్తే కౌంటరు వెనక గెంతుతుందా?

"జవాబు వచ్చిందా లేదా? ఎలా వస్తే మీకెందుకు?" అంది మా ఆవిడ. పాపం, ఆవిడకు వ్యాపారం తెలియదు.

హెడ్ మేడమ్ మాత్రం తెలివైన మనిషి. నేను వెళ్లి మొరపెట్టుకుంటే, పేరెంట్స్ మీటింగు రోజున ఆ క్లాసు చూసి తేలుస్తానంది. అయితే స్కూలు మొత్తానికి నా బల్లలు, లేదంటే అన్ని గదులూ ఇలాగే ఖాళీ. ఈ స్కూలు ఖాళీ చేస్తే పక్క స్కూళ్లూ ఊరుకోవు. నా గోడౌన్‌లో ఎలుకలు ఏకాగ్రతతో చదువుకోవాల్సిందే.

ఆ రోజు శాంపిల్‌గా ఒక బల్ల తీసుకెళ్లి క్లాసులో వేశాను.

"రండి సర్, మీరూ గెంతండి" అంది టీచరమ్మ. అప్పటికే తల్లులూ తండ్రులూ చెప్పులు విప్పి గళ్లలో నిలబడ్డారు.

"నేను కూర్చునే నేర్చుకుంటానమ్మా, అలవాటు" అని దర్జాగా బల్లలోకి దూరాను.

సరుకును వాడి చూపించాలి కదా! కొలతలు మూడో తరగతి పిల్లలవన్న సంగతి ఆ తొందరలో గుర్తు రాలేదు. దూరడానికి నా బరువు సాయపడింది. ఆ తర్వాత సాయం మానేసింది.

ఆటలు అయ్యాక హెడ్ మేడమ్ నా వైపు తిరిగింది. "మీరు లేచి మీ బల్ల గురించి నాలుగు మాటలు చెప్పండి."

లేచాను. బల్ల కూడా లేచింది.

"మా సరుకు మనిషిని వదలదు మేడమ్" అన్నాను, పరువు కోసం.

ఇద్దరు తండ్రులు డెస్కు పట్టుకుని లాగబోయారు. మా అమ్మాయి అడ్డం వచ్చింది. "ఆగండి అంకుల్, లాగితే పొట్ట ఇంకా ఇరుక్కుంటుంది. బల్ల కదలకుండా పట్టుకోండి చాలు. నాన్నా, ఊపిరి వదులు. ఎడమకి పావు చుట్టు తిరుగు."

"పావంటే ఎంతే?"

"ఇప్పుడు బోర్డు వైపున్నావుగా, కిటికీ వైపుకి రా. తల కాదు నాన్నా, మొత్తం నువ్వు."

తిరిగాను. కాళ్లు బయటపడ్డాయి.

"ఇప్పుడు పావులో సగం."

"పావులో సగమెంత?"

"ఎనిమిదో వంతు" అంది క్లాసంతా, గోడలు అదిరేలా. ఇంట్లో బల్ల మీద నెల రోజులు నేర్పినా మా అమ్మాయికి రాని భిన్నాలు ఇవే. ఆ ఎనిమిదో వంతు తిరిగేసరికి కాజాలోంచి గుండీ జారినట్టు బయటపడ్డాను.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా ఆర్డరు గోవిందా అనుకున్నాను.

"బల్లలు తీసుకుంటామండీ" అంది హెడ్ మేడమ్.

నా చెవులను నేనే నమ్మలేదు.

"పిల్లలకు కాదు. వాళ్లకు నేల చాలు. మీటింగు హాలుకు వేయించండి. పిల్లల్ని కదలకుండా ఎందుకు కూర్చోబెట్టరని ప్రతిసారీ ఎవరో ఒక నాన్న లేస్తాడు. వీటిలో అయితే లేవలేడు కదా."

ఎంతైనా వ్యాపారిని. "పెద్దవాళ్లకు తగ్గట్టు సందు కాస్త పెంచమంటారా మేడమ్?" అని అడిగాను.

"అక్కర్లేదు. మీకు సరిగ్గా సరిపోయింది."