దొంగలకు నచ్చని ఇల్లు

ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్ తెలుగువారి గృహభద్రతా సంఘానికి నన్ను ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పోటీకి ఇంకెవరూ నిలబడని మాట నిజమే. ఏకగ్రీవమంటే అదే కదా. ఆ సభకు వచ్చినవారిలో సగంమంది పుట్టినరోజు పార్టీ అనుకుని పొరపాటున వచ్చారన్నది కూడా నిజమే కాని, వాళ్లు చప్పట్లు మాత్రం మనస్ఫూర్తిగానే కొట్టారు.

సంఘం పుట్టడానికి కారకుడు మా వీధి చివరింటి రామాంజనేయులు. అనంతపురం మనిషి. 2014లో దీపావళి వెళ్లిన వారానికి, పట్టపగలు, వాళ్లింట్లో దొంగలు పడ్డారు.

"టీవీ ముట్టుకోలేదప్పా, ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. నేరుగా మిద్దె మీదికి పోయి బంగారు మాత్రం ఎత్తుకోని పోయినారు. మన ఇండ్లు వాళ్లకు ఎట్ల తెలుస్తాయో ఏమో!" అన్నాడు.

ఎట్లా తెలుస్తాయో చెప్పడానికి పోలీసుశాఖ నుంచి ఒక అమ్మాయి కమ్యూనిటీ సెంటర్‌కు వచ్చింది. చెప్పినవన్నీ చిన్న చిన్న అలవాట్లే. ఇంట్లో లేనప్పుడు ఒక లైటూ రేడియో వేసి ఉంచండి. నగలు కనబడేలా వీధిలో తిరగకండి. ఊరెళ్తున్నామని ఫేస్‌బుక్‌లో పెట్టకండి. బంగారం ఎక్కడ దాచారో ఎవరికీ చెప్పకండి. అందరూ శ్రద్ధగా తలలూపి, ఆ అమ్మాయితో సెల్ఫీలు దిగి, తాము ఇంట్లో లేమన్న సంగతిని లొకేషన్‌తో సహా అక్కడికక్కడే లోకానికి తెలియజేశారు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పులు వెతకడం నా వృత్తి. ఇంటికి రాగానే రోడ్డుకు అవతల నిలబడి, దొంగ కళ్లతో మా ఇంటిని చూశాను. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, గడపకు పసుపు, దాని ముందు లక్ష్మీదేవి పాదాల స్టిక్కర్లు. 'బంగారం లోపల ఉంది, దయచేయండి' అని బోర్డు కట్టడం ఒక్కటే తక్కువ. మొత్తం పీకించేశాను.

"మరి లక్ష్మీదేవి ఏం గుర్తుపట్టి వస్తుందండీ?" అంది నా భార్య నాగజ్యోతి.

"పోస్ట్‌కోడ్ ఉందిగా," అన్నాను.

తర్వాత పాత సామాన్లమ్మే ఛారిటీ షాపుకెళ్లి రాక్షసుడికి సరిపోయే బూట్ల జత కొని, బురద పూసి గుమ్మం ముందు పెట్టాను. పక్కన కుక్క నీళ్లు తాగే గిన్నె. మాకు కుక్క లేదు. పక్కింటి బ్రెండా ముచ్చటపడి పేరడిగితే, ఆ క్షణంలో ఇంకేమీ తోచక మా మేనేజర్ పేరు చెప్పాను. ఆవిడ ఆ పేరుతో రోజూ బిస్కెట్లు పంపేది. కుక్కను ఒక్కనాడూ వాకింగ్‌కు తీసుకెళ్లడం లేదని నావైపు చూడటం మానేసిన తర్వాత కూడా, బిస్కెట్లు మాత్రం ఆపలేదు.

చెడిపోయిన ఫ్రిజ్‌ను ఇంటి ముందున్న గడ్డిలోకి ఈడ్చాను. కారు కడగడం మానేశాను. నాగజ్యోతి చేత గాజులు తీయించాను, మంగళసూత్రం బదులు పసుపుకొమ్ము కట్టించాను. అన్నిటికీ ఊఁ అంది కాని, పసుపుకొమ్ము కట్టుకున్ననాడు అన్నం సగంలో వదిలేసింది. భద్రతా కారణాల దృష్ట్యా నేను దానిని గమనించలేదు.

పథకం దివ్యంగా ఫలించింది. దొంగలు రాలేదు. చుట్టాలూ స్నేహితులూ కూడా రాలేదు. నా ఉద్యోగం ఊడిందని ఊరంతా తెలిసిపోయింది, నాకు తప్ప.

నాకు తెలిసింది పక్క వీధి సుగుణగారి అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో. ఫోటో తీసే వేళకు సుగుణ నవ్వుతూ వచ్చి, "వదినా, నువ్వు కాస్త వెనక్కి నిలబడవా? పట్టుచీరలన్నీ ముందు వరసలో ఉంటే బాగుంటుందంట," అంది. నాగజ్యోతి వెనక్కి జరిగింది. అక్కడ స్తంభం ఉంది. ఫోటోలో ఆమె మోచేయి ఒక్కటే పడింది.

భోజనాల దగ్గర క్రాంతి అనే ఎమ్మెస్సీ కుర్రాడు నా చెవిలో, "అంకుల్, ఫీల్ గాకుండ్రి. మా వేర్‌హౌస్‌ల షిఫ్టులున్నయి. నేను చెప్తె తీస్కుంటరు," అన్నాడు. వేదిక మీద ప్రతిసారీ నాకు వేసే కుర్చీ కూడా ఆ రోజు వేయలేదు.

తిరిగొస్తూ కారులో నాగజ్యోతి అంది: "మా అమ్మమ్మ తన కాసులపేరు నాకెందుకిచ్చిందో తెలుసా? నలుగురిలో తల దించుకోకూడదని. మీరేమో దొంగలకు భయపడి నన్ను స్తంభం వెనక్కి పంపారు." కళ్లు తుడుచుకోకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

భార్య కన్నీళ్లను నేను గుండె నిబ్బరంతో తట్టుకున్నాను. తట్టుకోలేనిది కుర్చీ విషయం.

ఆ వచ్చే ఆదివారమే సత్యనారాయణ వ్రతం పెట్టి స్టీవెనేజ్, కేంబ్రిడ్జ్‌లలోని తెలుగువాళ్లను కూడా పిలిచాను. నాగజ్యోతి ఉన్నవన్నీ పెట్టుకుంది. కాసులపేరు మెడలో పడగానే ఆమె నడకే మారింది. ప్రసాదం పంచాక నేను లేచి ప్రసంగించాను.

"సోదర సోదరీమణులారా! మేము పేదవాళ్లం కాము. పేదరికం మా భద్రతా విధానం! ఇంత బంగారం ఇంట్లో పెట్టుకుని మేము నిశ్చింతగా ఎలా నిద్రపోతున్నామో మీరంతా చూసి తరించాలి. రండి!"

అందరినీ మేడ మీదికి తీసుకెళ్లాను. వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమరా తెరిచి, పాత దుప్పట్ల వెనక ఉన్న రేకు డబ్బా చూపించాను. వెనకున్నవాళ్లకు కనబడటం లేదంటే రెండోసారి చూపించాను. అలారం కోడ్ మా అమ్మాయి పుట్టిన సంవత్సరమని, దొంగలకు అది తట్టదని వివరించాను.

"డాడ్, యూ జస్ట్ టోల్డ్ ఎవ్రీవన్," అంది మా అమ్మాయి సిరి.

"పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు మధ్యలో రాకూడదు," అన్నాను. చప్పట్లు కొట్టారు. చాలామంది వీడియో తీసుకున్నారు. నేనే అడిగి తీయించుకున్నాను.

ఆ వారంలోనే, మేము ఆఫీసుల్లో ఉండగా, వాళ్లు వచ్చి వెళ్లారు. అలారం మోగలేదు. మిగతా ఏ గదిలోనూ ఏ వస్తువూ కదలలేదు. చాలా పద్ధతైన మనుషులు. దుప్పట్ల మడత కూడా చెదరలేదు.

కమ్యూనిటీ సెంటర్‌కు వచ్చిన ఆ పోలీసమ్మాయే వచ్చింది. నగలు ఎక్కడ దాచారో ఎవరెవరికి తెలుసు అని అడిగింది. నేను కాస్త ఆలోచించి, "కేంబ్రిడ్జ్ వాళ్లను కూడా కలపాలా?" అన్నాను. ఆమె పెన్ను జేబులో పెట్టుకుంది.

నాగజ్యోతి ఆ అలమరా ముందు నేల మీద కూర్చుని ఉంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "కొత్తవి పోతే పోయాయి," అంది. "కాసులపేరుకు అమ్మమ్మ వాసన ఉండేదండీ. పసుపు, కొబ్బరినూనె కలిసిన వాసన." మెడ దగ్గరికి చేయి వెళ్లి, పసుపుకొమ్ము తప్ప ఇంకేమీ దొరక్క కిందికి దిగింది. సంఘాధ్యక్షుడి దగ్గర దానికి ఏ సూచనా లేదు.

తెల్లవారి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. మేము తప్పించుకు తిరిగినవాళ్లు, మమ్మల్ని తప్పించుకు తిరిగినవాళ్లు, అందరూ వచ్చారు. పోయిన బంగారం ఒక్కో నోటా కాస్త కాస్త పెరిగి, సాయంత్రానికి మా తాతలు జమీందార్లయ్యారు. నేను ఖండించలేదు. క్రాంతి తన షిఫ్టుల మాటకు క్షమాపణ చెప్పాడు. సుగుణ నాగజ్యోతి చేతులు పట్టుకుని, "ఇకమీదట ఏ ఫంక్షనైనా ముందు వరస నీదే వదినా," అంది. నాగజ్యోతి వింటున్నట్టు లేదు. సుగుణ ఆమెను వదిలి నావైపు తిరిగి, గొంతు తగ్గించి, "మా వీధిలోకి కూడా వచ్చారంటన్నయ్యా. మా ఇల్లు దాటి వెళ్లిపోయారు! మాకేం తక్కువ?" అని కళ్ల నీళ్లు పెట్టుకుంది. మా రెండిళ్ల బాధల్లో ఆమెదే పెద్దదని అక్కడున్నవాళ్లంతా ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఇక్కడి తెలుగు సభల్లో పరిచయాలు దొంగతనాలతోనే జరుగుతున్నాయి. ఏ ఊరు, ఏ కంపెనీ అన్న తర్వాత మూడో ప్రశ్న అదే.

అన్నట్టు, మీ ఇంట్లో ఎప్పుడు పడ్డారు?

ఇంకా పడలేదా? అయ్యో. నాతో అన్నారు కనుక సరిపోయింది. ఇంకెవరితోనూ అనకండి.