పసుపు పూసిన ఫీలర్ గేజ్

విజయదశమి సెలవు. పొద్దున్నే బైకు చప్పుడు తగ్గించి, మధ్యాహ్నం ఒబ్బట్లు తిని పడుకోవాలన్నది పద్మనాభం పథకం.

బెళ్ళందూరులో వాళ్ళ అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు వెంకటరాయప్ప చివరి హెచ్చరిక ఇచ్చేశాడు. ఆ పాత బైకు స్టార్టయితే మూడో అంతస్తులో పసిపిల్లలు లేస్తున్నారట. ఇవాళ తనిఖీలోనూ అలాగే మోగితే సెల్లారులో చోటు రద్దు. బండి వీధిన పడుతుంది.

రోగం ట్యాపెట్లదని పద్మనాభానికి తెలుసు. ఇంజనులో వాల్వుకూ, దాన్ని నొక్కే మీటకూ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఎక్కువైతే టకటక. దాన్ని కొలిచేది ఫీలర్ గేజ్, అంటే రకరకాల మందాల్లో పలచటి ఉక్కురేకుల కట్ట. సరైన రేకు కాస్త బిగుతుగా దూరితే సందు సరిపోయినట్టు. మెకానిక్కుకు అరగంట పని. కానీ ఆఫీసులో అంతమంది ఇంజనీర్ల మీద మేనేజరైనవాడు మెకానిక్కు దగ్గరికి వెళ్తాడా?

పనిముట్లన్నీ నిన్నటి ఆయుధపూజలో దేవుడి ముందే ఉన్నాయి. భార్య అలివేలు స్పానర్లకు బొట్లు పెట్టి ఊరుకోలేదు. గేజ్ విప్పి రేకు రేకుకూ పసుపు పూసింది. పద్మనాభం దాన్ని ఆమె చూడకుండా సెల్లారులోకి పట్టుకొచ్చాడు. ఎండిన పసుపు కాగితమంత మందమైనా లేదులే అనుకున్నాడు. కొలవాల్సిన సందు కూడా కాగితమంత లేదన్న చిన్న విషయం మేనేజరు స్థాయి దాకా రాలేదు.

రేకు దూరలేదు.

"చూశావా, సందు బిగుసుకుపోయింది," అన్నాడు పై ఫ్లాటు ఫయాజ్‌తో.

"బిగుసుకుంటే టకటక ఎందుకొస్తుందన్నా?"

"అదంతా థియరీ."

రేకు దూరేదాకా సందును సరిచేసే స్క్రూలు వదులు చేశాడు. స్టార్ట్ చేస్తే టకటక కాస్తా దడదడ అయింది. మళ్ళీ కొలిచి మళ్ళీ వదులు చేశాడు. ఈసారి సెల్లారులో కార్ల అలారాలు కూడా అందుకున్నాయి.

"అన్నా, రేకుకు పసుపుండాది. తుడిచి కొలిస్తే?" అన్నాడు ఫయాజ్.

అప్పుడే దిగింది అలివేలు. "పూజలో పెట్టింది తెచ్చింది చాలక తుడుస్తారా? సాయంత్రం బన్నీ చెట్టుకు, అదే మన జమ్మికి, పూజయ్యేదాకా ఆ పసుపు ముట్టుకున్నారంటే మీ ఒబ్బట్లు ఫయాజ్ వాళ్ళింటికే."

"నాకేం అభ్యంతరం లేదక్కా," అన్నాడు ఫయాజ్.

గేజ్ లాక్కుని ఆమె పైకెళ్ళిపోయింది. ఇక కొలవడానికేమీ లేదు. మెట్ల మీద వెంకటరాయప్ప చేతికర్ర వినిపిస్తోంది. పద్మనాభానికి ఆఫీసు మీటింగుల్లో వచ్చేలాంటి ఆలోచన వచ్చింది. చప్పుడు చేసేది సందు. అసలు సందే లేకపోతే? రెండు స్క్రూలూ అడుగంటా బిగించాడు.

"వాల్వు మూసుకోదన్నా. ఇంజను పట్టదు."

"ఎప్పుడూ నెగెటివ్‌గానే మాట్లాడతావేంటయ్యా," అంటూ పద్మనాభం మూత బిగించేశాడు.

వెంకటరాయప్ప వచ్చాడు. "ఏమప్పా, పండగ పూట కూడా దీని కాడే ఉండావా? స్టార్ట్ చెయ్యి, చూస్తాం."

కీ తిప్పితే లైటు వెలిగింది. కిక్కు కొడితే కాలు దూదిలోకి దిగినట్టు దిగింది. చప్పుడు లేదు. ఇంకోటి కొట్టాడు. లేదు.

వెంకటరాయప్ప వంగి చెవి పెట్టాడు. ఇంజను మీద చెయ్యి వేసి చటుక్కున తీశాడు. "కాలతా ఉండాది. లైటు ఉండాది. సద్దు మాత్రం లేదు. ఎలక్ట్రిక్ బండి మాదిరి చేసినావు కదప్పా."

పద్మనాభం నోరు తెరిచాడు. ఫయాజ్ అతని కాలు తొక్కాడు.

"ఇట్లాంటి బండి మూలనెందుకప్పా? లిఫ్టు పక్కన పెట్టుకో. తక్కినోళ్ళు చూసి నేర్చుకోనీ."

ఇద్దరూ బండిని అక్కడిదాకా తోసుకెళ్ళారు. పెట్రోలు కూడా పొదుపు చేస్తున్నాడని అధ్యక్షుడు మరోసారి మెచ్చుకున్నాడు.

బాగుచేయిస్తే మళ్ళీ మోగుతుందన్న భయంతో పద్మనాభం ఇంతవరకూ దాన్ని ముట్టుకోలేదు. ఆఫీసుకు బస్సులో వెళ్తున్నాడు.