గాలితో కాచిన కాఫీ

జాషువా మాస్టారు మలికిపురంలో అద్దెకు దిగి మూడేళ్లయింది. కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పరు, ఎవరూ లేరు కాబట్టి. కాలింగ్ బెల్ ఎవరూ నొక్కక, బొత్తాం కింద ఒక సాలీడు కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాళ్లకి పెళ్లిళ్లు కూడా చేసేసింది.

ఆ ఆదివారం పొద్దున మాస్టారి పథకం చాలా చిన్నది. డాబా మీద కరెంటు తీసే కొత్తరకం గాలిమర పెట్టించారు. పాతవాటిలా పొడుగాటి రెక్కలుండవు. మెలితిరిగిన రేకులు రెండు, నిలువు కడ్డీ చుట్టూ తిరుగుతాయి. పక్కన ఎవరైనా ఆవలించినా చాలునన్నాడు అమ్మినవాడు.

"గాలితో కాచిన కాఫీ ఇస్తానండి, పదింటికి రండి!" అని పక్కింటి బుల్లెమ్మగారినీ, ఎదురింటి కొబ్బరికాయల వ్యాపారి పేతురునీ పిలిచారు.

తీరా చూస్తే గాలిమర కదల్లేదు. సముద్రం మీంచి వచ్చిన గాలినంతా చుట్టూ ఉన్న కొబ్బరిచెట్లే పంచేసుకున్నాయి. మాస్టారు దగ్గరికెళ్లి ఆవలించి కూడా చూశారు.

ఇది చూసి వాళ్లు వెళ్లిపోతే మళ్లీ ఎన్నేళ్లకో. ఆ భయంతో వెట్ గ్రైండరు మోటారు విప్పి, నీళ్ల ట్యాంకు వెనక దాచి, గాలిమరకు బెల్టు తగిలించి స్విచ్చి వేశారు. కరెంటు తాగి తిరిగే గాలిమర ప్రపంచంలో అదే మొదటిది.

"అబ్బో, ఏం తిరుగుతుందండీ!" అంది బుల్లెమ్మ.

"కాఫీలో గాలి రుచి తెలుస్తుందండి, ఆయ్," అన్నాడు పేతురు.

మాస్టారు నవ్వారు. గోడలు ఉలిక్కిపడ్డాయి.

పేతురు ఇంటికెళ్లి చుట్టాలందర్నీ తెచ్చాడు. వాళ్లు ఫోన్లు, ఆటో బ్యాటరీ, ఇస్త్రీపెట్టె తెచ్చారు. బుల్లెమ్మ నానబెట్టిన మినప్పప్పు తెచ్చింది.

"ఊరికే వచ్చే కరెంటే కదండీ. ఓసారి మీ గ్రైండరు ఇవ్వరూ?"

"గ్రైండరాండీ? అదీ... రిపేరుకి ఇచ్చేనండి."

"అయ్యో! అయితే మాది తెస్తానుండండి."

ఆ గ్రైండరు కూడా తగిలించగానే ఇంటి ఫ్యూజు ఎగిరిపోయింది. గాలిమర టక్కున ఆగింది. సరిగ్గా అప్పుడే సముద్రపు గాలి లేచింది. చెట్లు ఊగిపోతున్నాయి. గాలిమర మాత్రం ఫొటోకి నిలబడినట్టు నిలబడింది.

అందరూ చెట్లకేసి ఓసారి, గాలిమరకేసి ఓసారి చూశారు.

"గాలి పడిపోయినట్టుందండి," అంది బుల్లెమ్మ, ఎగిరిపోతున్న కొంగును రెండు చేతులా పట్టుకుని.

"ఆయ్, ఆకైనా కదలట్లేదండి," అన్నాడు పేతురు. అతని ముందే ఒక కొబ్బరిమట్ట వచ్చి పడింది. దాన్ని మర్యాదగా దాటుకుని కిందికి దిగాడు.

అందరూ వెళ్లిపోయారు. మాస్టారు కాఫీ గ్లాసులన్నీ కడిగి, వరసగా బోర్లించి, వాటి ఎదురుగా కూర్చున్నారు. ఇంట్లో అన్ని గ్లాసులున్నాయని ఆయనకి ఆ రోజే తెలిసింది. రాత్రికి తనొక్కరికీ ఒక్కటి తిరగేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కాలింగ్ బెల్ మోగింది. అదేం చప్పుడో ఆయనకి వెంటనే అర్థం కాలేదు. తలుపు తీస్తే బుల్లెమ్మ, చేతిలో ఇడ్లీల గిన్నె.

"మా గ్రైండరు మోటారు ఇంకా పెద్దదండి. కావాలంటే తగిలించుకోండి."

"తెలిసిపోయిందాండీ?"

"రోజూ గోడవతల వినే చప్పుడే కదండీ."

"మరి గ్రైండరు అడిగేరేంటండీ?"

"సరదాకండి."

మాస్టారు తల వంచుకున్నారు. "తిరక్కపోతే మీరెవరూ ఉండరనుకున్నానండి. ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు కదండీ."

"చదువుకునేవారు, కదిలించకూడదని ఊరుకున్నామండి. మీ గుమ్మం ముందు పేతురుగారు కాయల ఆటో కూడా తోసుకుంటూనే వెళ్తారండి, చప్పుడవుతుందని. పిలిస్తే రామాండీ?"

ఆ సాయంత్రమే బొత్తాం కింది సాలీడు, ఈ ఇంట్లో ప్రశాంతత కరువైందని, కుటుంబంతో సహా ఖాళీ చేసి వెళ్లిపోయింది.